నడమంత్రపు సిరి

ధర్మం, అర్థం, కామం, మోక్షం అనే నాలుగింటిని పురుషార్థాలని మన ప్రాచీనులు పేర్కొన్నారు. వాటిలో అర్థానికి రెండవ స్థానం ఇచ్చారు. ధనం లేనిదే సంసారం గడవదు, విద్య అబ్బదు, ఆపదలో ఆదుకొనే దిక్కుండదు. అయితే ధనం చేతికి వచ్చే తీరు అందరికీ ఒక్కటి కాదు. ఏళ్ల తరబడి శ్రమించి కూడబెట్టగా క్రమక్రమంగా సమకూరే ధనం ఒక రకం. ఎదురుచూడని వేళ ఒక్కసారిగా వచ్చిపడే ధనం మరొక రకం. లాటరీ బహుమతి, దూరపు బంధువు వదిలి వెళ్లిన ఆస్తి, ఉన్నట్టుండి ధర పెరిగిన పొలం ఈ రెండవ రకానికి చెందినవి. ఇలా వచ్చిన సంపదనే తెలుగువారు నడమంత్రపు సిరి అంటారు.

నిన్నటివరకు పైసాపైసా లెక్క చూసుకొని పొదుపుగా బతికిన మనిషి, ఈ సిరి వచ్చిన తరువాత కూడా ఆ తీరునే నిలుపుకొంటాడా? లేక ధనంతోపాటు అతని నడక, మాట, అలవాట్లు కూడా మారిపోతాయా? చూడటానికి ఇది వినోదం కోసం వేసుకొనే ప్రశ్నలా కనిపిస్తుంది. కాని ఎన్నో కుటుంబాల భవిష్యత్తు దీని జవాబుపై ఆధారపడి ఉంటుంది.

తెలుగువారి సంప్రదాయంలో ఈ ప్రశ్నకు రెండు జవాబులు వినిపిస్తాయి. మొదటిది సామెతలు చెప్పే జవాబు. అల్పునికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట అన్నది జనవాక్యం. ఎండా వానా లేని వేళ గొడుగుతో పనిలేదు. అయినా తన వెంట గొడుగు పట్టే మనిషి ఉన్నాడని లోకానికి తెలియాలి. అవసరం కోసం చేసే ఖర్చు ఆడంబరం కోసం చేసే ఖర్చుగా మారే క్షణాన్ని ఆ సామెత పట్టి చూపింది. నడమంత్రపు సిరి నరాల మీద పుండు అన్న మరో సామెత, ఆ సంపద తెచ్చే బాధను కూడా చెప్పింది.

రెండవ జవాబు కుచేలుని కథలో ఉంది. భాగవతం దశమ స్కంధంలోని ఈ కథను పోతన తెలుగువారికి అందించాడు. చినిగిన వస్త్రాలతో, ఆకలిగొన్న బిడ్డలతో కాలం గడిపిన కుచేలుడు ఇల్లాలి మాట కాదనలేక, కొంగున ముడిచిన అటుకులతో బాల్యమిత్రుడైన శ్రీకృష్ణుని చూడబోయాడు. అడగడానికి నోరు రాక తిరిగి వచ్చేసరికి అతని ఇల్లు ఉన్నచోట దివ్యభవనం వెలసింది. కథ ఇక్కడితో ముగిసిపోలేదు. ఆ సంపద నడుమ కూడా కుచేలుడు భోగాలపై ఆసక్తి పెంచుకోక, మునుపటి మనసుతోనే దైవచింతనలో గడిపాడని భాగవతం చెబుతుంది. అతడు సంపదను తిరస్కరించలేదు. దానికి లొంగిపోనూ లేదు.

ఈ రెండు జవాబులలో ఏది నిజమో తేల్చడానికి ముందు పొదుపు అంటే ఏమిటో స్పష్టం చేసుకోవాలి. బయటినుంచి చూసేవారికి మూడు స్థితులు ఒకేలా కనిపిస్తాయి. మొదటిది లేమి. చేతిలో డబ్బు లేదు కనుక లేనివాడు ఖర్చు చేయడు. రెండవది లోభం. డబ్బు ఉన్నా, అవసరం ఎదురుగా నిలిచినా లోభికి చేయి రాదు. మూడవది పొదుపు. ఏది అవసరమో, ఏది కాదో తెలుసుకొని, అవసరమైన చోట వెనుదీయక ఖర్చు చేసి, అనవసరమైన చోట ఆగగలిగినవాడే పొదుపరి. ముగ్గురూ పాత చెప్పులతోనే తిరుగుతూ ఉండవచ్చు. అంతమాత్రాన ముగ్గురూ ఒకటే అనలేము. వారిలో ఎవరు ఏ కోవకు చెందినవారో తేల్చే పరీక్ష చేతికి ధనం అందిననాడే జరుగుతుంది.

ఆ పరీక్షలో మనిషి ఏ విధంగా జారుతాడో 18వ శతాబ్దపు ఫ్రెంచి రచయిత దెనీ దిదెరో తన అనుభవం ఆధారంగా చక్కగా వివరించాడు. ఫ్రెంచి విజ్ఞాన సర్వస్వానికి సంపాదకుడుగా ఇరవై ఏళ్లకు పైగా శ్రమించిన దిదెరో ధనవంతుడు కాలేదు. కూతురి పెళ్లికి కట్నం సమకూర్చడానికి తన గ్రంథాలయాన్నే అమ్ముకోవలసిన స్థితి వచ్చింది. ఆ సంగతి తెలిసిన రష్యా చక్రవర్తిని రెండవ కేథరిన్ 1765లో ఆ గ్రంథాలను 15,000 లీవ్రులకు కొన్నది. లీవ్రు అంటే నాటి ఫ్రెంచి ద్రవ్యమానం. జీవించినంతకాలం ఆ పుస్తకాలను అతని దగ్గరే ఉంచుకొమ్మని చెప్పి, వాటి సంరక్షకునిగా జీతం కూడా ఏర్పాటు చేసింది. తరువాత ఏకంగా యాభై ఏళ్ల జీతాన్ని ముందుగానే చెల్లించింది. ఆ విధంగా దిదెరో జీవితంలో కలిమి ప్రవేశించింది.

కొన్నాళ్లకు అతనికి ఎర్రని, ఖరీదైన కొత్త అంగీ ఒకటి కానుకగా వచ్చింది. ఇంట్లో ధరించే ఆ అంగీని గురించి అతడు 1769లో ఒక చిన్న వ్యాసం రాశాడు. అంగీ అందంగానే ఉంది. కాని దాని పక్కన గదిలోని పాత వస్తువులన్నీ వెలవెలపోయాయి. గడ్డితో అల్లిన కుర్చీ పోయి తోలు కుర్చీ వచ్చింది. పుస్తకాలు పెట్టుకొనే చెక్కబల్లకు బదులు నగిషీలు చెక్కిన బీరువా వచ్చింది. రాతబల్ల మారింది. గోడకు అతికించిన సాదా చిత్రాల స్థానంలో వెలగల చిత్రాలు వచ్చాయి. పాత అంగీ మీద ఉన్న సిరా మరకలు అతనిని రచయితగా చూపేవి. కొత్త అంగీ ధరించిన తరువాత, దుమ్ము పడుతుందేమో, మరక అంటుతుందేమో అని భయపడటమే అతని పని అయింది. పాత అంగీకి తాను యజమాని. కొత్త అంగీకి బానిస అయ్యానన్నది ఆ వ్యాసంలోని అతని ఆవేదన.

ఒక కొత్త వస్తువు తనకు తగిన తోడు కోసం మరికొన్ని వస్తువులను ఇంటికి రప్పించే ఈ క్రమానికి గ్రాంట్ మెక్‌క్రాకెన్ అనే మానవశాస్త్రవేత్త 1988లో దిదెరో ప్రభావం అని పేరు పెట్టాడు. దీనిలో గమనించదగిన విషయం ఒకటున్నది. దుబారా చేయాలన్న తలంపుతో ఎవరూ దుబారా మొదలుపెట్టరు. ఒక్క వస్తువు మారుతుంది. మిగిలినవన్నీ దానికి పొందిక కోసం మారుతాయి. ప్రతి మార్పూ విడిగా చూస్తే సమంజసంగానే తోస్తుంది. అన్నీ కూడిన తరువాతగాని జీవన విధానమే మారిపోయిందని మనిషి గ్రహించడు.

మరో కారణాన్ని ఆర్థికశాస్త్రవేత్తలు వివరించారు. రూపాయి ఎక్కడినుంచి వచ్చినా దాని విలువ ఒక్కటే. కాని మనిషి మనసు అలా లెక్కించదు. జీతం డబ్బును ఒక పద్దులో, పండుగ కానుకను మరో పద్దులో, అనుకోకుండా దొరికిన డబ్బును వేరొక పద్దులో రాసుకుంటుంది. కష్టార్జితాన్ని ఖర్చు పెట్టడానికి వెనుకాడే మనిషి, ఊరక వచ్చిన సొమ్మును సులభంగా వదులుకుంటాడు. ఈ మానసికమైన పద్దుల గురించి పరిశోధించిన రిచర్డ్ థేలర్‌కు 2017లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ పురస్కారం లభించింది. చెమటోడ్చి సంపాదించిన పది రూపాయలకు, దారిలో దొరికిన పది రూపాయలకు ఉన్న తేడాను మన పల్లెల్లోని పెద్దలు ఏనాడో గుర్తించారు.

లాటరీ గెలిచిన వారిపై జరిగిన పరిశోధనలు ఈ విషయాన్ని మరింత విశదం చేస్తాయి. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో పెద్ద బహుమతులు పొందిన 22 మందిని గురించిన అధ్యయనం ఒకటి 1978లో వెలువడింది. వారు తమ ఇరుగుపొరుగువారికంటే చెప్పుకోదగినంత ఎక్కువ సంతోషంగా లేరని అందులో తేలింది. మిత్రునితో మాట్లాడటం, ఉదయపు ఫలహారం, ఒక హాస్యోక్తి వినడం వంటి చిన్న చిన్న సంగతులు వారికి ఇతరులకంటే తక్కువ ఆనందాన్నిచ్చాయి. ఫ్లోరిడా రాష్ట్రంలో అప్పుల్లో కూరుకున్న లాటరీ విజేతలను గురించి 2011లో మరో అధ్యయనం వచ్చింది. 50,000 నుంచి 1,50,000 డాలర్ల వరకు పొందినవారిలో దివాలా తీసినవారు మొదటి రెండేళ్లలో తగ్గారు. ఆ తరువాతి సంవత్సరాలలో తిరిగి పెరిగారు. డబ్బు దివాలాను వాయిదా వేసిందేగాని తప్పించలేదు.

అయితే ఈ చిత్రానికి రెండవ పార్శ్వం కూడా ఉంది. స్వీడన్ దేశంలో వేలాది మంది లాటరీ విజేతలను ప్రశ్నించి చేసిన పెద్ద అధ్యయనం 2020లో వెలువడింది. బహుమతి వచ్చిన అయిదు నుంచి ఇరవై రెండేళ్ల తరువాత కూడా, పెద్ద మొత్తాలు గెలిచినవారు తమ జీవితం పట్ల మరింత తృప్తితో ఉన్నట్లు అందులో వెల్లడైంది. అనుకోకుండా వచ్చిన ధనం మనిషిని తప్పక చెరుపుతుందని చెప్పడం న్యాయం కాదని దీనివల్ల తెలుస్తుంది. ధనం ఒక్కటే అయినప్పుడు ఫలితాలు వేరుగా ఉండటానికి కారణాన్ని ధనం అందుకొన్న మనిషిలో, అతని పరిస్థితులలో వెదకాలి.

అలా వెదికినప్పుడు కనిపించే ఉజ్జ్వలమైన ఉదాహరణ మేరీ క్యూరీ జీవితం. పోలండ్‌లోని వార్సాలో 1867లో జన్మించిన ఆమె, ఉన్నత విద్య కోసం 1891లో పారిస్ చేరింది. నెలకు నలభై రూబుళ్లతో ఇంటి కప్పు కిందనున్న చిన్న గదిలో కాలం గడిపింది. చలికాలంలో చేతులు కడుక్కొనే పాత్రలోని నీరు గడ్డకట్టేది. కప్పుకోవడానికి దుప్పటి చాలక, ఉన్న బట్టలన్నీ పైన వేసుకొని పడుకొనేది. సరైన తిండి లేక ఒకసారి సొమ్మసిల్లి పడిపోయింది. ఇది లేమి, ఆమె కోరి తెచ్చుకొన్నది కాదు. 1893లో ఆమెకు 600 రూబుళ్ల విద్యార్థి వేతనం వచ్చింది. ఆమె దృష్టిలో అది పెద్ద ఐశ్వర్యమే. దానితో సౌకర్యాలు పెంచుకోలేదు. మరో పదిహేను నెలల చదువుకు సరిపోయేలా మలచుకొన్నది. తరువాత తన తొలి సంపాదన నుంచి ఆ మొత్తాన్ని తిరిగి ఇచ్చివేసింది. తిరిగి ఇవ్వమని ఎవరూ అడగలేదు. తనవంటి మరో పేద విద్యార్థికి అది ఉపయోగపడాలన్నది ఆమె ఆలోచన.

1895లో ఆమెకు పియరీ క్యూరీతో వివాహమైంది. పెళ్లి దుస్తులు కొనిపెడతామని బంధువులు ముందుకు వచ్చినప్పుడు, తరువాత ప్రయోగశాలకు కూడా వేసుకొని వెళ్లడానికి వీలుగా ముదురు రంగు దుస్తులు కోరుకొన్నది. మామగారు ఇస్తానన్న సామానును దంపతులు వద్దన్నారు. ప్రతి కుర్చీని ప్రతి ఉదయం తుడవాలి. ఆ కాలాన్ని పరిశోధనకు వెచ్చించవచ్చు. వారి గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు మాత్రమే ఉండేవి. మూడవ కుర్చీ లేకపోవడం వల్ల వచ్చిన అతిథి ఎక్కువసేపు నిలిచేవాడు కాదు. దిదెరో గదిలోకి వచ్చిన తోలు కుర్చీని, వీరి గదిలోకి రాని మూడవ కుర్చీని పక్కపక్కన పెట్టి చూస్తే పొదుపు స్వరూపం బోధపడుతుంది. వీరి నిరాడంబరత ఇక లేమి వల్ల మాత్రమే కలిగినది కాదు. చేయవలసిన పనికోసం తెలిసి ఎంచుకొన్నది.

1903లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి సగభాగం బెకెరెల్‌కు, మిగిలిన సగభాగం క్యూరీ దంపతులకు లభించింది. 1904 జనవరి మొదట్లో 70,000 బంగారు ఫ్రాంకులు వారి చేతికి వచ్చాయి. అంతవరకు జీతం చాలక ఇద్దరూ పాఠాలు చెబుతూ, కారే కప్పు గల పాకలో పరిశోధనలు సాగించినవారు. ఆ ధనంతో పియరీ తన బోధన భారాన్ని తగ్గించుకొన్నాడు. ప్రయోగశాలలో సహాయకునిగా ఒకరిని సొంత ఖర్చుతో నియమించుకొన్నారు. క్షయరోగుల కోసం ఆరోగ్యశాల నడుపుతున్న అక్కా బావలకు కొంత అప్పుగా ఇచ్చారు. పోలండ్ నుంచి వచ్చిన విద్యార్థులకు, ప్రయోగశాలలో పనిచేసేవారికి కానుకలు అందాయి. చిన్ననాడు తనకు ఫ్రెంచి నేర్పిన ఉపాధ్యాయురాలు పుట్టిన ఊరిని ఒక్కసారి చూడాలని కలలు కనేదని మేరీ గుర్తు చేసుకొన్నది. ప్రయాణానికి డబ్బు పంపి ఆమెను పిలిపించింది. తన ఇంటికోసం చేసింది ఒక స్నానాల గది ఏర్పాటు, ఒక చిన్న గదికి కొత్త గోడ కాగితం. అంతే.

ఆ స్నానాల గదిని చిన్నచూపు చూడకూడదు. సౌకర్యాన్ని పూర్తిగా నిరాకరించడం పొదుపుకు లక్షణం కాదని అది చెబుతుంది. రోజంతా బరువైన పనిచేసి అలసిన మనిషికి వేడినీటి స్నానం ఆడంబరం కాదు. ధనం మేరీ జీవితాన్ని మార్చింది. పని భారాన్ని తగ్గించింది, దేహానికి కొంత సుఖం ఇచ్చింది, ఇచ్చే చేతిని విశాలం చేసింది. ఏది ముఖ్యం, ఏది కాదు అన్న తూకం మాత్రం మారలేదు.

తరువాతి కాలంలో కూడా ఆ తూకం నిలిచింది. రేడియం తీసే పద్ధతిపై హక్కులు పొంది ఉంటే ఆ దంపతులు కోటీశ్వరులు అయ్యేవారు. అది శాస్త్ర ధర్మానికి విరుద్ధమని భావించి, ఆ పద్ధతిని లోకానికి ఉచితంగా వెల్లడించారు. 1911లో రసాయనశాస్త్రంలో మేరీకి రెండవ నోబెల్ బహుమతి వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, తిరిగిరాదని తెలిసినా, ఆ ధనాన్ని యుద్ధ రుణ పత్రాలలో పెట్టింది. 1921లో అమెరికా మహిళలు లక్ష డాలర్లు పోగుచేసి ఒక గ్రాము రేడియం కొనగా, అధ్యక్షుడు హార్డింగ్ దానిని ఆమెకు అందజేశాడు. అది తన పేర ఉంటే తన తరువాత బిడ్డల సొత్తు అవుతుందని గ్రహించి, ప్రయోగశాలకే చెందేలా దానపత్రాన్ని ముందురోజు రాత్రే సవరింపజేసింది. ఒకప్పుడు తాను కనుగొని, ఉచితంగా లోకానికి ఇచ్చిన పదార్థం ఒక గ్రాము కొనడానికి ఆమె దగ్గర డబ్బు లేకపోవడం గమనార్హం.

మేరీ క్యూరీ వంటి మహనీయులకు సాధ్యమైనది సామాన్య సంసారికి సాధ్యమా అన్న సందేహం కలగడం సహజం. తెలుగునాట ఈ ప్రశ్న నేడు ఇళ్లముందు నిలిచి ఉంది. రహదారులు, జలాశయాలు, పరిశ్రమలు, నగరాల విస్తరణ కారణంగా తరతరాలుగా సేద్యం చేసిన కుటుంబాల చేతికి భూమికి బదులు ధనం వస్తున్నది. 2014 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన భూసేకరణ చట్టం ప్రకారం, గ్రామీణ ప్రాంతాలలో మార్కెట్ విలువకు నాలుగు రెట్ల వరకు పరిహారం పొందే వీలుంది.

రైతు ఇంటి పొదుపుకు భూమే కాపలాదారు. పంట చేతికి వచ్చినప్పుడే డబ్బు వస్తుంది. మళ్లీ పంట వచ్చేదాకా దానినే సర్దుకోవాలి. విత్తనాలకు, ఎరువులకు ముందే పక్కన పెట్టాలి. భూమి ధనంగా మారిన రోజున ఆ కాపలా తొలగిపోతుంది. మొత్తం ఒకేసారి కళ్లముందు ఉంటుంది. ఇల్లు, వాహనం, ఘనంగా పెళ్లి, అప్పు అడిగే బంధువులు ఒకటొకటిగా ముందుకు వస్తాయి. అందులో ప్రతిదీ విడిగా చూస్తే సమంజసమే. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయన్న మాట అప్పుడు అక్షర సత్యమవుతుంది. భూమితోపాటు పని కూడా పోయిన కౌలు రైతుకు, వ్యవసాయ కూలీకి కరిగే కొండ కూడా ఉండదన్న సంగతి మరువరాదు.

ఈ ప్రమాదాన్ని చట్టాలు చేసినవారు కూడా కొంతవరకు గుర్తించారు. పై చట్టంలో నిర్వాసిత కుటుంబానికి ఉద్యోగం గాని, ఒకేసారి అయిదు లక్షల రూపాయలు గాని, ఇరవై ఏళ్లపాటు నెలకు రెండు వేలకు తగ్గని భృతి గాని ఎంచుకొనే అవకాశం కల్పించారు. అమరావతి నిర్మాణం కోసం 2015లో భూములు సమీకరించినప్పుడు, ఎకరాకు ఏటా మెట్టభూమికి 30,000 రూపాయలు, జరీబు భూమికి 50,000 రూపాయలు చొప్పున మొదలుపెట్టి, ఏటా పెంచుతూ పదేళ్లపాటు కౌలు చెల్లించాలని నిర్ణయించారు. సొమ్ము విడతలుగా వస్తే పంట ఇచ్చిన క్రమశిక్షణ కొంతైనా మిగులుతుంది.

చట్టాలు ఏర్పరచలేని క్రమశిక్షణను సామాన్యులు తమకు తామే ఏర్పరచుకొన్న సందర్భం కూడా తెలుగునాట ఉంది. 1990వ దశకం తొలి సంవత్సరాలలో నెల్లూరు జిల్లా స్త్రీలు సారాకు వ్యతిరేకంగా ఉద్యమించారు. 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. సారా దుకాణానికి పోయే డబ్బు ఇంట్లో మిగిలింది. ఆ కుటుంబాలకు అది కొత్తగా వచ్చిన కలిమి. ఆ జిల్లా స్త్రీలు పొదుపులక్ష్మి సంఘాలుగా ఏర్పడి రోజుకొక రూపాయి చొప్పున కూడబెట్టసాగారు. బిడ్డల చదువు, జబ్బు, చిన్న వ్యాపారం వంటి అవసరాలు వారి కళ్లముందు ఉన్నాయి. ఎందుకు దాచాలో తెలిసినవారికి ఎలా దాచాలో ఒకరు చెప్పనక్కరలేకపోయింది.

పై ఉదాహరణలన్నీ ఒక సత్యాన్ని తెలియజేస్తున్నాయి. లేమి వల్ల మాత్రమే అలవడిన పొదుపు కలిమి రాగానే సెలవు తీసుకుంటుంది. లోభం ఎంత ధనం వచ్చినా లోభంగానే మిగులుతుంది. ఒక ప్రయోజనాన్ని ఆశ్రయించిన పొదుపు మాత్రం కలిమిలో కూడా నిలిచి, ఇంకా విశాలమవుతుంది. సంపద వచ్చిన తరువాత ఆ ప్రయోజనాన్ని వెదుక్కోవడం కష్టం. చేతిలో ఉన్నది కొద్దిపాటి ధనమే అయినప్పుడు దానిని దేనికోసం వెచ్చిస్తున్నామో తెలుసుకొని వెచ్చించడం నేర్చుకొన్నవారికి, సిరి ఒక్కసారిగా వచ్చినా తొట్రుపాటు ఉండదు. అట్టివారి ఇంట నడమంత్రపు సిరి సైతం నలుగురికీ ఉపయోగపడే సంపదగా మారుతుంది.